ఏ పైతాన్ పెంచుకోవాలి? ముందు మీ ఓపిక ఏ రకమో చూసుకోండి

పోయిన నెల ఫ్రెండ్ వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. డాలస్‌లో ఉద్యోగం, సొంతంగా అపార్ట్‌మెంట్. చిన్నప్పుడు వాళ్లమ్మ కుక్కపిల్లను కూడా ఇంట్లోకి రానివ్వలేదు, ఇప్పుడా కసి తీర్చుకుంటున్నట్టున్నాడు. "అంకుల్, బాల్ పైతానా, కార్పెట్ పైతానా? ఏది సాధువు?" అన్నాడు. "మూడు నెలలు తిండి ముట్టని ప్రాణిని ఇంట్లో పెట్టుకుని రాత్రి నిద్రపోగలవా?" అని నేను ఎదురు అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. అతనికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

టెక్సస్‌లో పదకొండేళ్లుగా పాములు పెంచుతున్నాను. ఇప్పుడు ఇంట్లో రెండున్నాయి, ఒక బాల్ పైతాన్, ఒక జంగిల్ కార్పెట్. మనకు అన్నిటికీ కలిపి కొండచిలువ అన్న మాట ఒక్కటే ఉంది. ఆ మాట వినగానే మేకను మింగి పొదలో పడుకున్న పాము కళ్ల ముందు కనిపిస్తుంది. మోచెయ్యంత పొడవుండే రకాలు కూడా ఈ కుటుంబంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ పైతాన్ అనే రాస్తాను.

## "సాధువు" అంటే ఏమిటి?

పాము మిమ్మల్ని ప్రేమించదు. పేరు పెట్టి పిలిస్తే రాదు. మీ వాసనకు, మీ చేతి వేడికి అలవాటు పడుతుంది, అంతే. అలాగని అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒకటి పిరికిది, ఒకటి మొండిది, మూత తీయగానే తల బయట పెట్టి చూసేది ఇంకొకటి.

కొత్తగా పెంచేవాళ్లు ఇక్కడే పొరపడతారు. చేతిలో కదలకుండా ఉన్న పామును చూసి సాధువనుకుంటారు, నోరు తెరిచి మీదికొచ్చిన దాన్ని చూసి పొగరనుకుంటారు. చాలాసార్లు ఆ కదలకపోవడం భయం, ఆ మీదికి రావడం ఆకలి. కాబట్టి కరుస్తుందా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలదు. ఎందుకు కరుస్తుందో కూడా అడగాలి. భయంతో కరిచేది మీకు అలవాటు పడితే మానేస్తుంది. తిండి ఆత్రంతో కరిచేదానికి, ఇప్పుడు వచ్చింది తిండి కాదని తెలిసేలా చేస్తే చాలు. పెద్ద రకాల్లో మాత్రం కారణం ఏదైనా ఒక్క కాటుతోనే ఆసుపత్రికి వెళ్లాల్సి రావచ్చు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి నా లెక్కలో ఇవి: పదేళ్ల తర్వాత ఎంత పెరుగుతుంది (షాపులో ఇవాళ ఎంతుందన్నది లెక్కలోకి రాదు), ఏ రకం కాటు, తిండి దగ్గర ఎంత పేచీ పెడుతుంది, మీ ఇంట్లో వేడీ తేమా ఎంతవరకు నిలబెట్టగలరు, మీరున్న చోట చట్టం ఏమంటుంది. రంగు చివరన. కానీ అందరూ రంగుతోనే మొదలుపెడతారు.

| రకం | పెద్దయ్యాక పొడవు | స్వభావం | తిండి | పట్టుకోవడానికి |
|---|---|---|---|---|
| బాల్ | 3–5 అడుగులు | పిరికి, నెమ్మది | పేచీ ఎక్కువ | బాగుంటుంది |
| చిల్డ్రెన్స్, స్పాటెడ్ | సుమారు 3 అడుగులు | చురుకు, పెద్దయ్యాక నెమ్మది | ఆత్రం | బాగుంటుంది |
| కార్పెట్ | 5–8 అడుగులు | పిల్లగా చిరాకు, తర్వాత కుతూహలం | పేచీ లేదు | ఓపిక ఉంటే బాగుంటుంది |
| బ్లడ్ | 4–6 అడుగులు, బరువు ఎక్కువ | బుస ఎక్కువ, కాటు తక్కువ | పేచీ తక్కువ | అలవాటైతే బాగుంటుంది |
| గ్రీన్ ట్రీ | 5 అడుగుల దాకా | ముట్టుకోకుంటే ప్రశాంతం | మధ్యస్తం | వద్దు |
| బర్మీస్ | 10–16 అడుగులు | నెమ్మది | విపరీతమైన ఆత్రం | ఇద్దరు కావాలి |
| రెటిక్యులేటెడ్ | 12–20 అడుగులు | తెలివి, చురుకు | విపరీతమైన ఆత్రం | ఇద్దరు కావాలి |

## బాల్ పైతాన్: అందరూ మొదట కొనేది

ఘానా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలు, అక్కణ్నుంచి మధ్య ఆఫ్రికా దాకా దీని సొంత ఊళ్లు. పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుని రాత్రి బయటికొస్తుంది. భయమేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. బ్రిటన్‌లో రాయల్ పైతాన్ అంటారు. బెనిన్‌లోని విదా పట్టణంలో వీటికి గుడే ఉంది. అక్కడి పాములు ఊళ్లోకి వెళ్తే జనం జాగ్రత్తగా తెచ్చి మళ్లీ గుడిలో వదులుతారు. నాగుల చవితికి పుట్ట దగ్గర దణ్ణం పెట్టుకునే మనకు ఇదేం వింతగా అనిపించదు.

సాధువని దీనికి పేరు రావడానికి ఆ పిరికితనమే కారణం. కరవడం కన్నా ముడుచుకోవడమే దీనికి తేలిక. కొత్తవాళ్లకు, పిల్లలున్న ఇళ్లకు అది మంచిదే. కాకపోతే అదే పిరికితనం తిండి దగ్గర మీ ప్రాణం తీస్తుంది. చోటు మారినా, దాక్కోవడానికి ఇరుకైన డబ్బా లేకపోయినా, వేడి కాస్త తగ్గినా ఎలుకను ముట్టదు. ఏ కారణమూ లేకపోయినా ముట్టదు. మగవి జత కట్టే కాలంలో నెలల తరబడి ఉపవాసం ఉంటాయి.

మొదటి చలికాలంలో మా బాల్ పైతాన్ నాలుగు నెలలు తినలేదు. వారానికోసారి ఎలుకను వేడినీళ్లలో కరగబెట్టి, పటకారుతో పట్టుకుని దాని ముందు ఆడించేవాణ్ని. ముక్కు దగ్గరికి తెస్తే తల వెనక్కి లాక్కునేది. అప్పుడు మా అమ్మ ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చి ఉంది. "పోనీ కాసిని పాలైనా పోయరా" అనేది. పాము పాలు తాగదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి వంటింటి త్రాసు మీద పెట్టి వారం వారం తూకం రాసుకోవడం మొదలుపెట్టాను. నవంబరులో 1,420 గ్రాములు, మార్చిలో 1,365. నాలుగు నెలల ఉపవాసానికి తగ్గింది యాభై అయిదు గ్రాములు. ఆ అంకె చూశాకే నాకు నిద్ర పట్టింది. మీరూ అదే చేయండి. తిన్న తేదీల కన్నా తూకమే నమ్మదగ్గది. పదో వంతు తగ్గినా, నోట్లోంచి జిగురు కారుతున్నా, ఊపిరి తీస్తుంటే చప్పుడు వస్తున్నా పాముల్ని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక రంగుల పిచ్చి. ఇళ్లలో పొదిగించిన మొదటి ఆల్బినో (ఒంట్లో నలుపు లేకుండా పుట్టే) బాల్ పైతాన్ 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు దగ్గర పుట్టింది. అక్కడి నుంచి మొదలై ఇవాళ వేల రకాల రంగులు, మచ్చలు వచ్చాయి. వీటినే మార్ఫ్‌లు అంటారు. చూడటానికి బాగానే ఉంటాయి. కానీ స్పైడర్ అనే మార్ఫ్ జోలికి వెళ్లొద్దు. ఆ మచ్చలు తెచ్చే జన్యువుతోపాటే నరాల లోపమూ వస్తుంది. తల వణుకుతుంది, స్క్రూ తిప్పినట్టు మెలి తిరుగుతుంది, కొన్నింటికి ఎలుకను గురి చూసి పట్టుకోవడం కూడా చేతకాదు. అమ్మేవాళ్లు "కొంచెం వంకర, అంతే" అంటారు. ఆ కొంచెం ఎంతో పాము పెరిగితే గానీ తెలియదు.

ఆయుష్షు ఇరవై ముప్ఫై ఏళ్లు. సెయింట్ లూయిస్ జూకి 1961లో వచ్చిన ఒక ఆడ బాల్ పైతాన్, మగపాము తోడు లేకుండానే 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు అరవై దాటింది. పెళ్లి కాకముందు కొన్న పాము మీ పిల్లల కాలేజీ అడ్మిషన్ల నాటికీ ఇంట్లోనే ఉండొచ్చన్నమాట.

## కార్పెట్ పైతాన్: చిన్నప్పుడు రాక్షసి

ఆస్ట్రేలియా, న్యూగినీల పాము. క్వీన్స్‌లాండ్ వానల అడవుల జంగిల్ కార్పెట్ నలుపు, పసుపు చారలతో పులిలా ఉంటుంది. కోస్టల్ కార్పెట్ ఇంకా పెద్దది. బ్రిస్బేన్‌లో ఇళ్ల అటకల మీద ఎలుకల్ని, పోసమ్‌లనే చిన్న జంతువుల్ని తింటూ ఇవి కాపురముంటాయి. ఆ ఊళ్లో ఇల్లు కొన్న మనవాళ్లు ఎవరినైనా అడగండి, ఒక కథ చెబుతారు.

పిల్ల పెన్సిల్ లావు కూడా ఉండదు, కానీ కోపానికి తక్కువ లేదు. మూత తీస్తే కాటు, నీళ్లు మార్చబోతే కాటు, అద్దం బయట చెయ్యి కదిలినా అద్దానికే కాటు. కరిస్తే రేగు కంపలో చెయ్యి పెట్టి లాగినట్టు ఉంటుంది. సన్నటి గీతలు, నాలుగు చుక్కల రక్తం, అంతకు మించి ఏమీ కాదు. కానీ మొదటి ఆరు నెలల్లో చాలామంది ఇదేం పీడ అని అమ్మేస్తారు. అమ్మకుండా ఆగినవాళ్లకు ఏడాదిన్నరకో, రెండేళ్లకో వేరే పాము కనిపిస్తుంది.

మాది ఇప్పుడు ఆరడుగులుంది. సాయంత్రం ఏడింటికి గదిలో లైటు వేస్తే కొమ్మ మీద నుంచి తల కిందికి దించుతుంది, మెడ ఆంగ్ల అక్షరం ఎస్‌లా వంపు తిరిగి ఉంటుంది. నాలుక నెమ్మదిగా బయటికి తీసి, ఒక క్షణం ఆపి, పైకీ కిందికీ ఆడిస్తుంది. నేను గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే తల నాతోపాటు తిరుగుతుంది. ప్రేమ కాదు, ఎలుక తెచ్చానేమో అని. ఏమైనా గానీ, అది నన్ను చూస్తుంది. ఎనిమిదేళ్లలో బాల్ పైతాన్ ఒక్కసారీ అలా చూడలేదు. బాల్ పైతాన్ సాధువుతనం భయం నుంచి వచ్చింది. దీని పొగరులో ఉన్నది ధైర్యం. ఆ ధైర్యమే పెద్దయ్యాక కుతూహలంగా మారుతుంది. చాలామంది కార్పెట్ పెంపకందారులు ఒకసారి ఇటు వచ్చాక మళ్లీ బాల్ వైపు చూడకపోవడానికి కారణం ఇదేననుకుంటాను.

ఒక్క అలవాటు తప్పనిసరి. చెయ్యి పెట్టే ముందు హుక్‌తో, అంటే కొస వంగిన కడ్డీతో, దాని ఒంటి మీద మెల్లగా తాకాలి. హుక్ తగిలితే తిండి కాదని కొద్ది వారాల్లోనే తెలుసుకుంటుంది. ఎలుక పెట్టే రోజు హుక్ వాడకండి.

దీనికి ఎత్తు కావాలి, కొమ్మలు కావాలి. నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పూ ఎత్తూ లేని ఎన్‌క్లోజర్‌లో (పామును ఉంచే పెట్టెలో) పెద్ద కార్పెట్‌ను పెడితే పాపం. తిండి విషయంలో మాత్రం వంక పెట్టదు.

## చిల్డ్రెన్స్ పైతాన్: పేరు చూసి మోసపోవద్దు

పిల్లల కోసమని ఆ పేరు రాలేదు. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ జార్జ్ చిల్డ్రెన్ పేరు మీద 1842లో పెట్టారు. దీని దగ్గరి చుట్టం స్పాటెడ్ పైతాన్. రెండూ ఆస్ట్రేలియావే, గోధుమరంగు ఒంటి మీద మచ్చలు. అడవిలో గుహ ద్వారం దగ్గర వేలాడుతూ ఎగిరే గబ్బిలాలను గాల్లోనే అందుకుంటాయి.

కళ్లు చెదిరే రంగు లేదు కాబట్టి షాపులవాళ్లు ముందు వరసలో పెట్టరు. కానీ అపార్ట్‌మెంట్‌లో ఉండి, మొదటిసారి పామును తెచ్చుకునే మనిషికి నేను చెప్పేది ఇదే. మూడడుగులు దాటి పెద్దగా పెరగదు, ఆరోగ్యం గట్టిది, ఎలుక చూపిస్తే వద్దనదు. పిల్లగా కాస్త కొరుకుతుంది, కార్పెట్ అంత కాదు.

## బ్లడ్ పైతాన్: కుక్కర్ చప్పుడు

సుమత్రా, మలయా తడి నేలల పాము. అయిదడుగుల పొడవుకే మనిషి తొడంత లావు, ఇటుక ఎరుపు. ఒకప్పుడు అడవిలో పట్టినవే అమ్మేవాళ్లు. అవి బెదిరిపోయి ఉండేవి, కనిపించిన ప్రతి చేతినీ కరిచేవి. ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు. ఇళ్లలో పొదిగించిన పిల్లలు అలా ఉండవు. నచ్చనప్పుడు విజిల్‌కు ముందు కుక్కర్‌లా బుసలు కొడతాయి, చాలామటుకు అంతటితో సరి. మెడ దగ్గర పట్టి ఆపబోతే మాత్రం ఊరుకోవు. ఒళ్లంతా ఆనేలా రెండు చేతుల మీద పడుకోబెట్టుకోవాలి.

తేమ బాగా కావాలి, వేడి మాత్రం బాల్ కన్నా కాస్త తక్కువ చాలు. వారాల తరబడి విసర్జించవు. విసర్జించిన రోజు ఎన్‌క్లోజర్ మొత్తం కడుక్కోవాలి. అప్పుడే విసుక్కోకండి, ముందే చెబుతున్నాను.

## గ్రీన్ ట్రీ: చూడండి, ముట్టకండి

పసుపుగానో ఎర్రగానో పుట్టి, మొదటి ఏడాదిలోనో ఆ తర్వాతో చిలకపచ్చగా మారుతుంది. కొమ్మ మీద చుట్టలు వేసుకుని తల మధ్యలో పెట్టి కూర్చుంటే గంటలు చూడొచ్చు. ముందు పళ్లు పొడవు, నచ్చకపోతే కాటుకు ఆలోచించదు. ఫార్మ్‌లో పుట్టిందని ఇండోనేషియా నుంచి వచ్చేవాటిలో చాలావరకు అడవిలో పట్టినవే. ఎవరి ఇంట్లో పుట్టిందో తెలియకుండా కొనొద్దు. మొదటి పాముగా అసలే వద్దు.

## బర్మీస్, రెటిక్యులేటెడ్: నెమ్మదైనా ఏనుగు ఏనుగే

బర్మీస్‌ను పెంచినవాళ్లు కుక్కపిల్ల లాంటిదంటారు. నిజమే, నెమ్మదిగా ఉంటుంది. రెటిక్యులేటెడ్ ప్రపంచంలోకెల్లా పొడవైన పాము, పెంచినవాళ్లు దాని తెలివి గురించి కథలు కథలుగా చెబుతారు. తలుపు గడియ చప్పుడుకు, హుక్ తాకిడికి తేడా చాలా త్వరగా పట్టేస్తుంది. కానీ తిండిగా పెట్టే కుందేలు వాసన చేతికి అంటిన ఒక్క రోజు పొరపాటు చాలు. యాభై కిలోల పాము చుట్టుకుంటే ఒక్క మనిషి విడిపించుకోలేడు. పెద్దవాటిని ఒంటరిగా ఎత్తకూడదన్నది పెంపకందారుల్లో తిరుగులేని మాట.

పిల్లగా ముద్దొచ్చి కొని, పెరిగాక వదిలేసిన బర్మీస్‌లు, 1992లో ఆండ్రూ తుఫానుకు కూలిపోయిన పెంపక కేంద్రం నుంచి తప్పించుకున్నవి కలిసి ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్ని ఆక్రమించాయి. వాటిని వెతకడానికి 2017లో తమిళనాడు నుంచి పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్లను ఇద్దర్ని అక్కడికి పిలిపించుకున్నారు. పాము జాడ తీయడంలో వాళ్లను మించినవాళ్లు లేరు, మన నెల్లూరు వైపు యానాదుల్లాగే. అమెరికాలోకి దిగుమతి కాకుండా 2012లో బర్మీస్‌ను, 2015లో రెటిక్యులేటెడ్‌ను హానికర జంతువుల జాబితాలో చేర్చారు. ఫ్లోరిడాలో ఇప్పుడు వీటిని కొత్తగా పెంచుకోనివ్వరు. టెక్సస్‌లో రెటిక్యులేటెడ్‌కు రాష్ట్రం పర్మిట్ కావాలి. హవాయిలో ఏ పామునూ ఉంచుకోకూడదు. ఆస్ట్రేలియాలో బాల్ పైతాన్ సహా విదేశీ పాములన్నీ నిషేధం, సొంత దేశపు పాముల్ని మాత్రం లైసెన్స్‌తో పెంచుకోవచ్చు.

## మరి మీకేది?

ఏటా నాలుగు వారాలు ఇండియా వెళ్లి వస్తారా? బాల్ పైతాన్. పెద్దది నాలుగు వారాలు తినకపోయినా ఏమీ కాదు. అయితే వారానికి రెండుసార్లు వచ్చి నీళ్లు మార్చి, థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) అంకె చూసే మనిషి కావాలి.

తినలేదని టెన్షన్ పడే మనిషా? స్పాటెడ్. ఆఫీసు నుంచి వచ్చాక పాము కదులుతూ కనిపించాలా? కార్పెట్. చేతుల మీద బరువుగా పడుకోవాలా? బ్లడ్. పిల్లలున్న ఇల్లయితే బాల్ లేదా స్పాటెడ్, పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పాముల నుంచి సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా చెప్పకుండా వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న పాము గురించి కాదు, ఫ్రిజ్ గురించి. ఇవన్నీ చచ్చి గడ్డకట్టిన ఎలుకలు తింటాయి. మా ఇంట్లో మొదటి గొడవ అక్కడే. ఫ్రీజర్‌లో కొబ్బరి కోరు, కరివేపాకు, మునక్కాయ ముక్కల ప్యాకెట్ల వెనక నేను దాచిన కవరును మా ఆవిడ పప్పుచారు కోసమని బయటికి తీసింది. ఆ సాయంత్రమే గరాజ్‌లోకి చిన్న ఫ్రీజర్ ఒకటి వచ్చింది. మీరు పాము కన్నా ముందు అది కొనండి. ఎలుకను మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. కవరులో ఉంచి వేడినీళ్లలో వేయండి, వంటింటి గిన్నెలో మాత్రం కాదు.

ఖర్చు లెక్క కూడా తలకిందులే. మామూలు రంగు బాల్ పైతాన్ వంద డాలర్ల లోపే దొరుకుతుంది. ఎన్‌క్లోజర్, హీటర్, థర్మోస్టాట్, రెండు దాక్కునే డబ్బాలు కలిపితే దానికి మూడు నాలుగింతలు. థర్మోస్టాట్ లేకుండా హీటర్ పెడితే పాము కాలుతుంది. పొట్ట చర్మం కాలిపోతున్నా కదలకుండా పడుకునే రకాలివి. కొనేచోట, ఇళ్లలో పొదిగించిందేనా అని అడగండి, తిన్న తేదీల కాగితం చూపించమనండి. నేను మొదటిది ఒక షాపులో తొందరపడి కొన్నాను. ఇంటికొచ్చి తెల్ల టిష్యూతో తుడిస్తే మిరియపు పొడి చల్లినట్టు నల్లటి పురుగులు. రెండు నెలలు పట్టింది వదిలించడానికి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకుంటే, పెంచితే జైలే. బాల్ పైతాన్ లాంటి విదేశీ పాములకు కూడా 2022 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో వచ్చి చెన్నై ఎయిర్‌పోర్టులో పట్టుబడినవి వార్తల్లో చూస్తూనే ఉన్నాం. కాగితాలు లేని పామును ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి కొనకండి. పాములంటే అంత ఇష్టమైతే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వలంటీర్లు ఇళ్లలోకి వచ్చిన పాముల్ని కాపాడి అడవికి చేరుస్తుంటారు. వాళ్లతో మాట్లాడండి.

ఫోన్ చేసిన అబ్బాయి చివరికి స్పాటెడ్ అన్నాడు. ముందు ఖాళీ ఎన్‌క్లోజర్‌ను రెండు వారాలు నడిపించమన్నాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి థర్మోస్టాట్ ఫొటో పంపుతున్నాడు. నిన్న రాత్రిది 31.4 డిగ్రీలు. డబ్బా ఉంది, కొమ్మ ఉంది, నీళ్ల గిన్నె ఉంది, లోపల ఇంకా పాము లేదు. వాళ్లమ్మకు ఇంకా చెప్పలేదట.